పైన్ అడవిని కాల్చి బతికిస్తరట, మన ఇప్ప అడవికి కూడా పనికొస్తదా?

ఓరుగల్లు పోరడు:
అందరికీ నమస్తే. మాది తాడ్వాయి వైపు ఊరు. అమెరికాల జార్జియా రాష్ట్రంల ఉండే మా బావ మొన్న ఒక వీడియో పంపిండు, అండ్ల ఫారెస్టోళ్ళే అడవికి నిప్పు పెడ్తున్నరు, ఇదేంది బావా అంటే పైన్ అడవిని మళ్ళ తెచ్చుకునేటందుకు గట్ల కాలుస్తరు అన్నడు. మా దగ్గరేమో మార్చి వచ్చిందంటే గుట్ట మీద మంటలు, పదిమంది పోరగాళ్ళం పచ్చి కొమ్మలు పట్టుకొని రాత్రిళ్ళు ఉరుకుతున్నం. మా పెద్దనాయన "మా తాతల కాలం నుంచి కాలుస్తనే ఉన్నం, అడవి పోయిందా" అంటడు, వీడియో చూసినంక ఇంకా గట్టిగ అంటున్నడు. నిజంగ మంట అడవికి మంచిదేనా? ఇంకోటి, 2024 ఆగస్టు 31న మేడారం–తాడ్వాయి మధ్య గాలికి వేల చెట్లు కూలినయి కదా, ఆ ఖాళీల మొక్కలు నాటాల్నా, వదిలెయ్యాల్నా?

కాజీపేట టు సవానా:
తమ్మీ, మీ బావ చెప్పింది నిజమే, కాని అది లాంగ్‌లీఫ్ పైన్ అనే చెట్టు సంగతి. ఒకప్పుడు ఇక్కడ అమెరికా దక్షిణాది రాష్ట్రాలల్ల దాదాపు 9 కోట్ల ఎకరాలు ఉండేదట, కలప కొట్టుడు, టర్పెంటైన్ కోసం గాట్లు పెట్టుడు, పైగా మంటలు పూర్తిగ ఆపేసుడు, అన్నీ కలిసి 30 లక్షల ఎకరాల దగ్గరికి దిగింది, ఇప్పుడిప్పుడే 50 లక్షల దాకా ఎక్కుతున్నది. దాని మొక్క మొదటి కొన్నేళ్ళు గడ్డి దుబ్బు లెక్కనే ఉంటది, మొగ్గ చుట్టూ పొడుగు సూదులాకులు కప్పి ఉంటయి, మంట పోయినా మొగ్గ బతుకుతది, లోపల వేరు లోతుకు దిగుతది. రెండు మూడేళ్ళకోసారి కాలకపోతే వేరే చెట్లు లేచి నీడ పడి ఇది చచ్చిపోతది. విత్తనం మొలవాలన్నా ఆకు లేని ఉత్త నేల కావాలె. నేను రెండేళ్ళుగ వాలంటీర్‌గ పోతున్న, గాలి ఎటు, తేమ ఎంత అని చూసి, మంట దాటకుండ చుట్టూ ఆకు, గడ్డి తీసి లైన్ కొట్టి, పర్మిట్ ఉంటేనే అగ్గి పెడ్తరు. మంట మోకాలి ఎత్తున మెల్లగ నడుస్తది. మీ గుట్ట మీద అట్ల నడుస్తదా?

పాత బీట్ మనిషి:
నడవది. మన దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకంతా రాలి ఎండి ఉంటది, టేకాకు కాగితం లెక్క అంటుకుంటది. ఏటేటా కాలితే టేకుకు పెద్దగ పోయేదేం లేదు, మొదట్ల నుంచి మళ్ళ పిలకేస్తది, కాని చిన్న ఏగిస, నల్లమద్ది మొలకలు పోతయి. రానురాను ఒక్క టేకే మిగుల్తది. మీ పెద్దనాయన అన్నట్టు అడవి పోలేదు, కని ఏం మిగిలిందో సూడున్రి. ఇప్ప చెట్ల కిందికి పొయ్యి లెక్కపెట్టున్రి, అన్నీ ముసలి చెట్లే, పువ్వేరెతందుకు కింద కాలుస్తరు, గింజలు కూడా ఏరుకపోతరు, ఇగ మొలక యాడికెల్లి వస్తది?

కూలిన జాగల తొందరపడి నాటకున్రి. వెలుతురు పడ్డది కాబట్టి మొదట లాంటానా అనే కలుపు పొదనే ఎగబడ్తది, ఎండినంక అది మంటను ఇంకా పైకి లేపుతది. దాన్ని కాయ పట్టకముందే వేరు మొదలు కింద నరికి, కొమ్మ నేలకు తగలకుండ తలకిందులుగ పెట్టాలె, తగిల్తే మళ్ళ వేరేస్తది. నాలుగేండ్లు మంట, మేకలు రాకుండ చూడున్రి, మోళ్ళ నుంచి పిలకలు అవే లేస్తయి.

ఓరుగల్లు పోరడు:
అన్నా మస్తు క్లారిటీ వచ్చింది. కాని ఇప్ప కింద కాల్చొద్దంటే ఊర్ల లొల్లి అయితది.

గోవిందరావుపేట అక్క:
అయితది మరి, నువ్వు తెల్లారగట్ల నాలుగింటికి చీకట్ల పువ్వేరినవా? ఆకు మధ్యల పువ్వు కనపడదు, పాము భయం, అందుకే కాలుస్తం. వద్దు అని చెప్పిపోతే దొంగతనంగ కాలుస్తరు, ఆ మంటే గుట్ట ఎక్కుతది. మా వాడల రెండేండ్ల కింద ఆడోళ్ళం కలిసి పువ్వు రాలకముందే చెట్టు చుట్టూ ఆకు ఊడ్చుడు షురూ చేసినం, పాత చీరలు కుట్టి కింద పరుస్తం, పువ్వు మట్టి లేకుండ వస్తది కాబట్టి ఎండబెట్టుడు సులువు. ఒక్కో చెట్టుకు రెండు కాయల గుత్తులు ఏరకుండ వదిలేద్దామని కూడా అనుకున్నం, అందరూ వదల్లేదు. పోయిన వానాకాలం మా పెద్ద చెట్టు పక్కన మూడు మొలకలు లేసినయి, మేకలు తినకుండ చుట్టూ ముళ్ళకంప పెట్టిన, రెండు ఇంకా ఉన్నయి.