ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్లలు డౌట్లు అడగరెందుకు?

లెక్కల మాస్టారు: ఫస్టియర్‌కి చెప్తాను. అమ్మానాన్నలు డిగ్రీ చదవని పిల్లలు ఈసారి చాలామందే ఉన్నారు. "డౌట్లుంటే నా గదికి రండి" అని ప్రతి క్లాసులో అంటూనే ఉన్నా, ఒక్కరూ రారు. మొన్న ఒకమ్మాయి తలుపు దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మూడో బెంచీ: తప్పు మీది కాదు సార్. నేనూ అలా తలుపు దగ్గర్నుంచి వెనక్కొచ్చినవాణ్ణే. బళ్ళో మాస్టారు గదికి పిలిచారంటే చీవాట్లకే! ఇక "క్రెడిట్లు" అంటే సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లని తెలీక, ఫీజు అప్పేమో అనుకున్నా, నవ్వకండి. నోటీసులో గడువు తేదీ ఉండేది, ఎవర్ని కలవాలో ఉండేది కాదు. అడిగితే తెలివి తక్కువని తేలిపోతుందని భయం. మొదటి నెల్లో అందర్నీ ముగ్గురేసి చొప్పున, పేరు పెట్టి పిలవండి. రావడం హాజరు లాంటిదైపోతే సిగ్గుండదు.

సీనియరక్క: అందర్నీ పిలవాలి, వాళ్ళనే వేరు చేసి కాదు. ఆ ముద్ర మాకు పడింది, చాలు. ఇంకోటి, సాయంత్రాలు పనికెళ్ళేవాళ్ళుంటారు, మీ గదిలో కలిసే వేళలు మార్చి పెట్టండి.

లెక్కల మాస్టారు: అదా సంగతి, నేను పెట్టిన వేళలు సాయంత్రం నాలుగు తర్వాతే! ఇక మారుస్తాను. సోమవారం పొద్దున మొదటి ముగ్గురు.