1970లో ఇంటికొచ్చిన తాతయ్య దగ్గర 1971 మెడల్ ఎలా ఉంది?

బ్రాడీపేట మనవరాలు:
గుంటూరు ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద తాతయ్య ట్రంకుపెట్టె దొరికింది. ఆయన పోయి నాలుగేళ్లు. అందులో డిశ్చార్జి బుక్కు, రెండు మెడల్స్ ఉన్నాయి. మిలిటరీలో చేరింది 1963, అంటే చైనా యుద్ధం అయిన మరుసటేడు. "కలర్ సర్వీస్ 7 సంవత్సరాలు, రిజర్వ్ 8" అని రాసి ఉంది. 1970లో ఇంటికొచ్చేసి పొగాకు కంపెనీలో కాటా దగ్గర లెక్కలు రాసేవారు. ఒక మెడల్ 1965 రక్షా, సరే. రెండోది సంగ్రామ్, 1971 యుద్ధానిదట! పెదనాన్నని అడిగితే "ఎవరిదో తెచ్చి దాచుకుని ఉంటాడులే" అన్నారు. నాకు మింగుడుపడలేదు. తాతయ్య "పదిహేనేళ్లు మిలిటరీ" అన్నప్పుడల్లా ఏడేళ్లేగా అని ఆటపట్టించేవాళ్లం, నేనూ.

మాజీ హవల్దార్, సత్యనారాయణపురం:
అమ్మా, ముందు మెడల్ అంచు చూడు. భూతద్దం పెట్టు. నంబరు, పేరు చెక్కి ఉంటాయి. బుక్కులో నంబరుతో కలిస్తే ఆయనదే.
కలర్ అంటే యూనిఫాంలో ఉన్న కాలం. అప్పట్లో రిజర్వ్‌లో ఇంటికి పంపేవారు గానీ పేరు కొట్టేసేవారు కాదు. ట్రైనింగ్‌కి పిలిచేవారు, యుద్ధం వస్తే తంతి కొట్టేవారు, వెళ్లి తీరాల్సిందే. 71లో అలా పిలిచారు. మా యూనిట్‌కీ వచ్చారు. పొట్టలొచ్చాయి, పాత బూట్లు పట్టలేదు. మేం కుర్రాళ్లం చాటుగా నవ్వుకున్నాం. చీకట్లో రైఫిల్ విప్పి బిగించడం చూశాక నోళ్లు మూతపడ్డాయి. ఏడూ ఎనిమిదీ కలిపితేనే రిజర్విస్టు పెన్షన్. మీ తాతగారి లెక్క కరెక్టే.

వన్‌టౌన్ వాసి:
ఆ బుక్కు మాత్రం లామినేషన్ చేయించకండి. మేం చేయించి అనుభవిస్తున్నాం, స్టాంపుల సిరా అంతా అలుక్కుపోయింది. నాయనమ్మగారు ఉన్నారా? ఫ్యామిలీ పెన్షన్ రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

బ్రాడీపేట మనవరాలు:
అంకుల్, నంబరు కలిసింది! నాయనమ్మకి పెన్షన్ వస్తోందండీ, అది రిజర్విస్టుదని ఇప్పుడే తెలిసింది. తంతి సంగతి అడిగితే వెంటనే చెప్పింది: "మర్నాడే రైలు. పనిచేసిన రోజులకి జీతం అడగబోతే తర్వాత రమ్మన్నారు, ఉత్త చేతుల్తో వెళ్లాడు. మీ పెదనాన్నకి అప్పుడు ఎనిమిది నెలలు. తిరిగొచ్చేసరికి నడుస్తున్నాడు. తండ్రిని చూసి కొత్త మనిషనుకుని మంచం కిందకి దూరాడు."
అంచు ఫొటో పెదనాన్నకి వాట్సాప్ చేశాను. చూశారు, ఏం అనలేదు.

మాజీ హవల్దార్, సత్యనారాయణపురం:
ఏ రెజిమెంటో రాయలేదు. బుక్కు మొదటి పేజీ చూసి చెప్పమ్మా.