కొత్తగా వచ్చిన కుటుంబానికి శీతాకాలపు సెలవులు: ఒక ప్రశ్న, రెండు జవాబులు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మేము ఈ దేశానికి వచ్చి మూడు నెలలు కావస్తోంది. పిల్లల బడికి డిసెంబరు మూడో వారం నుంచి రెండు వారాలు సెలవులు ఇస్తున్నారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదేళ్ళు. ఇక్కడ మాకు బంధువులెవరూ లేరు. ఉద్యోగంలో నాకు ఇంకా సెలవులు జమ కాలేదు కనుక ఆ రెండు వారాల్లో నాలుగు రోజులు మాత్రమే ఇంట్లో ఉండగలను. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. మిగిలిన రోజులు మా ఆవిడ ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఎలా నెట్టుకొస్తుందోనని బెంగగా ఉంది. పెద్ద ఖర్చు లేకుండా నలుగురమూ ఈ రోజులను సంతోషంగా గడిపే మార్గం అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు

నమస్కారమండీ. మీ ఉత్తరం చదువుతుంటే పదకొండేళ్ళ కిందటి మా ఇల్లే కళ్ళ ముందు మెదిలింది. పిల్లలకు లోటు తెలియకూడదన్న తాపత్రయంతో మొదటి శీతాకాలం మేము వాళ్ళను రోజుకొక చోటికి తిప్పాం. టికెట్లు కొనుక్కుని ఒక దీపాల ప్రదర్శనకు గంటన్నర ప్రయాణం చేసి, మరో గంట చలిలో వరుసలో నిలబడి, తీరా లోపలికి అడుగు పెట్టేసరికి మా చిన్నవాడు నా భుజం మీద నిద్రపోయాడు. ఇప్పుడు అడిగితే మా పిల్లలిద్దరికీ ఆ దీపాలు గుర్తులేవు. ఆ వారంలోనే ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు నలుగురం ఒకే దుప్పటిలో ముడుచుకుని కూర్చుని, టార్చిలైటు వెలుగులో గోడ మీద చేతి నీడలతో కుందేలునూ లేడినీ చేసుకున్న సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు.

అందుచేత రెండు వారాలనూ ఏదో ఒకదానితో నింపాలని చూడవద్దని నా మనవి. రోజుకు ఒక గంటను, ప్రతిరోజూ ఒకే వేళకు, నలుగురిదిగా పెట్టుకోండి. మీరు ఆఫీసుకు వెళ్ళివచ్చిన రోజుల్లో కూడా ఆ గంట తప్పకూడదు. అందులో ఏం చేయాలన్నది ఇంట్లో నలుగురూ వంతులవారీగా నిర్ణయించాలి, ఎవరి వంతు అయితే వారి మాటకు మిగిలినవారు ఎదురు చెప్పకూడదు. మీ అబ్బాయి వరుసగా మూడు వంతులూ దాగుడుమూతలే అన్నా సరే, మంచం కింద దాక్కోవడానికి సిద్ధపడండి.

పగటి వేళ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ ఈ కాలంలో అన్నిటికంటే కరువుగా దొరికేది ఎండ. ఉత్తరాన 50 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు సుమారు 8 గంటలే ఉంటుంది, 60 డిగ్రీల దగ్గర 6 గంటలకు పడిపోతుంది. కాబట్టి పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఏ ఇంటిపనీ పెట్టుకోకుండా, పిల్లలకు పొరలు పొరలుగా బట్టలు తొడిగి, ఆ వెలుతురులో వాళ్ళతో పాటు బయట తిరగమని మీ శ్రీమతిగారికి చెప్పండి. గంటసేపు నడిచి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం పేచీలు పెట్టరు, తల్లికి కూడా ఇల్లు జైలులా అనిపించదు. సాయంత్రాలకు ఒక చిన్న పని ఉంది. పడమటి కిటికీ దగ్గర ఒక కాగితం అంటించి, సూర్యుడు అస్తమించిన సమయాన్ని మీ అమ్మాయి చేత రోజూ రాయించండి, మబ్బు పట్టిన రోజు వాతావరణ సమాచారంలో చూసి రాయవచ్చు. పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండేది 21వ తేదీ ప్రాంతంలోనే అయినా, అన్నిటికంటే ముందుగా పొద్దు గుంకే రోజు అంతకు కొన్నాళ్ళ ముందే దాటిపోతుంది. అందువల్ల సెలవులు మొదలైన కొద్ది రోజులకే ఆ కాగితం మీద అస్తమయం ఒక్కొక్క నిమిషమే ఆలస్యం కావడం కనిపిస్తుంది, ఉదయం మాత్రం మరికొన్నాళ్ళు ఇంకా ఆలస్యంగానే తెల్లవారుతుంది. "అమ్మా, సాయంత్రం తిరిగి వస్తోంది!" అని మా అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చిన రోజు నేను ఎన్నటికీ మరచిపోలేను.

చీకటి తొందరగా పడటం వల్ల ఒక లాభం కూడా ఉంది. పిల్లల నిద్ర చెడకుండానే వాళ్ళకు చుక్కలు చూపించవచ్చు. మబ్బు లేని రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు, ఆగ్నేయ దిక్కులకు తిరిగి నిలబడండి. బాగా ఎత్తున గుత్తిగా కనిపించేవి కృత్తికలు, పిల్లలకోడి అని పెద్దవాళ్ళు చెప్పేది ఆ గుంపునే. దాని దిగువన ఎర్రగా మెరిసేది రోహిణి. ఇంకా కిందికి దిగితే మూడు చుక్కలు ఒకే వరుసలో ఉన్న ఓరియన్ అనే చుక్కల గుంపు కనిపిస్తుంది, దాని తల భాగం మృగశిర, ఎర్రని భుజం ఆరుద్ర. అక్కడికి ఎడమవైపు జంటగా వెలిగే రెండు చుక్కలు పునర్వసు. చిన్నప్పుడు మనం అశ్విని, భరణి అంటూ వల్లించిన పేర్లు అదే వరుసలో ఆకాశంలో పరుచుకుని ఉంటాయని నాకు ముప్పై మూడేళ్ళ వయసులో, ఈ దేశంలో, పిల్లల పక్కన నిలబడినప్పుడే తెలిసింది. ఇండియాలో ఉన్న అమ్మమ్మగారిని కూడా ఆ రాత్రి మేడ మీదికి వెళ్ళి ఆ చుక్కలనే చూడమని చెప్పండి, మరునాడు మాట్లాడుకోవడానికి పిల్లలకు ఒక విషయం దొరుకుతుంది.

ఆ మాటలకు వేళ కుదుర్చుకునేటప్పుడు ఒకటి గమనించండి. ఇండియా గడియారం ఏడాది పొడుగునా గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే ఇక్కడి పడమటి దేశాలు శీతాకాలంలో వెనక్కి జరుపుతాయి కనుక తేడా ఒక గంట పెరుగుతుంది. మీరు వచ్చిన కొత్తలో కుదిరిన వేళ ఇప్పుడు పెద్దవాళ్ళ నిద్రవేళ అయి ఉండవచ్చు. పిల్లలను "కథ చెప్పు తాతయ్యా" అని అడగనివ్వకండి, ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. "నా అంత ఉన్నప్పుడు నీకు దేనికి భయం వేసేది?" అని మా అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్నకు మా మామగారు నలభై నిమిషాలు జవాబు చెప్పారు. ఆయన అనుమతితో ఆ మాటలు రికార్డు చేసి ఉంచుకున్నాం. ఆయన ఇప్పుడు లేరు.

మంచు కురిస్తే ఒక నల్లని ఉన్ని గుడ్డను అరగంట ముందే బయట పెట్టి చల్లబరచండి. దాని మీద వాలిన రేకులు వెంటనే కరగవు, భూతద్దంతో చూస్తే ఆరు కోణాలూ తెలుస్తాయి. ఊపిరి తగలకుండా చూడమని మాత్రం చెప్పాలి. వాన, ఈదురుగాలి ఉన్న రోజుల కోసం సామాను వచ్చిన అట్టపెట్టె ఒకటి దాచి ఉంచండి, దాని మీద ఐదు గళ్ళు నిలువుగా, ఐదు అడ్డంగా గీస్తే అష్టాచెమ్మా పీట సిద్ధం. గవ్వలు లేకపోతే నాలుగు నాణేలు చాలు.

రెండో జవాబు

పైన చెప్పిన వాటితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు సంగతులు మాత్రం చేర్చదలచుకున్నాను. ప్రజా గ్రంథాలయాలు సెలవుల్లో కొన్ని రోజులు మూసివేస్తారు కనుక ముందు వారమే వెళ్ళి సభ్యత్వం తీసుకుని, పుస్తకాలు తెచ్చి పెట్టుకోండి. చాలా చోట్ల బోర్డు ఆటలు కూడా ఉచితంగా ఇస్తారు. రాత్రి పడుకునే ముందు ఒకే పుస్తకాన్ని రోజుకొక అధ్యాయం చొప్పున పైకి చదవండి, మీ అమ్మాయి చదవగలిగినా సరే మీరే చదవండి.

రెండోది మీ శ్రీమతిగారి గురించి. ఇంట్లో ఉండే ఆ నాలుగు రోజుల్లో ఒక పూట పిల్లలిద్దరినీ మీరు ఒక్కరే బయటికి తీసుకువెళ్ళి, ఆవిడకు ఇంట్లో నిశ్శబ్దంగా మూడు గంటలు దొరికేలా చూడండి. మా మొదటి ఏడాది నేను ఆ పని చేయలేదు. సెలవులు ముగిసి పిల్లలు బడికి వెళ్ళిన సోమవారం ఉదయం మా ఆవిడ తలుపు వేసి, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చిందని నాకు చాలా కాలం తరువాత తెలిసింది. మీరు మా ఊరికి దగ్గరలోనే ఉంటే నాకు విడిగా రాయండి. మా పిల్లలకు ఎనిమిది, ఆరు సంవత్సరాలు, వాళ్ళు కూడా ఆ రెండు వారాలూ ఇంట్లోనే ఉంటారు.