బ్యాంకు వేలంలో ఇల్లు: మన ఊరు కాని చోట కొనవచ్చా?

మియాపూర్ వాసి:
హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నేను నవీ ముంబయిలోని ఒక ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చిన వేలం ప్రకటన చూశాను. రిజర్వు ధర (పాట మొదలయ్యే కనీస ధర) చుట్టుపక్కల ధరల కన్నా బాగా తక్కువగానే ఉంది కానీ, ప్రకటనలో ‘సింబాలిక్ పొజెషన్’ అని రాశారు. ఆ ఊళ్లో నాకు తెలిసినవారు లేరు. ఇలాంటి ఇల్లు ఇక్కడ కూర్చుని కొనడం మంచిదేనా?

గుంటూరు న్యాయవాది:
బాకీపడిన అప్పుకు తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం, 2002 దేశమంతటికీ ఒక్కటే కాబట్టి ఊరు మారినంత మాత్రాన భయపడనక్కరలేదని నా అభిప్రాయం. వేలం ప్రకటన వెలువడ్డాక అప్పు కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు రుణగ్రహీతకు ఉండదని, ఆ చట్టానికి 2016లో చేసిన సవరణను ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో స్పష్టం చేసింది. పాడుకున్న ఇల్లు చేజారుతుందనే బెంగ దీనితో చాలావరకు తీరింది.

పుణె తెలుగు:
చట్టం ఒక్కటే కావచ్చు గానీ ఇళ్లన్నీ ఒక్కటి కావండీ. సింబాలిక్ పొజెషన్ అంటే బ్యాంకు తలుపుకు నోటీసు అంటించి పేపర్లో ప్రకటన వేయించిందనే తప్ప, లోపలి మనుషులు ఖాళీ చేశారని కాదు. వారిని ఖాళీ చేయించాలంటే బ్యాంకు ఆ చట్టంలోని 14వ సెక్షను కింద మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఉత్తర్వు వచ్చాక కూడా పోలీసు బందోబస్తు దొరికే తేదీ కోసం తిరగాలి. ఈలోగా రుణగ్రహీతో, అద్దెకున్నవారో అక్కడి డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు) వెళితే వాయిదాల చుట్టూ తిరగవలసింది మీరే. ఇక నవీ ముంబయిలో భూమి చాలాచోట్ల ఆ నగరాన్ని నిర్మించిన ప్రభుత్వ సంస్థ సిడ్కో లీజుకిచ్చినది కనుక బదిలీకి దాని అనుమతి, రుసుము కావలసి రావచ్చు. ఫ్లాట్ల యజమానుల సొసైటీ పాత బకాయిలు తీర్చనిదే సభ్యత్వం ఇవ్వనని మొండికేయవచ్చు. కరెంటు బకాయిని సైతం, అక్కడి నిబంధనలు ఒప్పుకుంటే, కొత్త యజమాని నుంచి రాబట్టవచ్చని 2023లోనే కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు మాత్రం ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అని ముందే చేతులు దులుపుకుంటుంది.

గుంటూరు న్యాయవాది:
ఆ చిక్కులు మన దగ్గర లేవా? హైదరాబాదు శివార్లలో పంచాయతీ అనుమతికి మించి అంతస్తులు లేపిన భవనాల్లోని ఫ్లాట్లూ వేలానికి వస్తూనే ఉన్నాయి.

పుణె తెలుగు:
కాదనను. కానీ ఆదివారం బండి మీద వెళ్లి వాచ్‌మన్‌ను కదిలిస్తే ఆ పై అంతస్తు సంగతి తెలిసిపోతుంది. నవీ ముంబయిలో ఎవరిని అడుగుతారు? పైగా పాట ఖాయమైన రోజునో, మరుసటి పనిదినానికో ధరలో 25 శాతం, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకున్నా గడువు 3 నెలలు దాటదు. గృహరుణం అందక మిగతా సొమ్ము కట్టలేకపోతే ఆ 25 శాతమూ పోతుంది; 2024లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా.

మియాపూర్ వాసి:
14వ సెక్షను దరఖాస్తు వేశారా అని బ్యాంకు అధికారిని ఫోనులో అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. నంబరు అడిగితే మాత్రం చెప్పలేదు. ఇల్లు ఖాళీ అయ్యాక మళ్లీ వేలానికి వస్తే అప్పుడు చూస్తాను.

గుంటూరు న్యాయవాది:
మీ ఇష్టం. అయితే అప్పుడు మీతో పోటీపడి పాడేవారూ పెరుగుతారు. ఇవాళ ధర ఇంత తక్కువగా ఉన్నదే లోపల మనుషులున్నందువల్ల.