ఆటోమేటిక్ వీ-క్రాస్‌ను క్యారవాన్ వెనక కట్టి లాగొచ్చా?

అన్నలూ, హనుమకొండ నుంచి అడుగుతున్నా. మా బావ పాత మినీ బస్సును క్యారవాన్‌గా మార్పించాడు. ములుగు, ఏటూరునాగారం మీదుగా బొగత జలపాతం దాకా వెళ్దామని ప్లాన్. అక్కడ మట్టి దారుల్లో తిరగడానికి నా ఇసుజు వీ-క్రాస్ ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌ను, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి, వెనక రాడ్‌తో కట్టుకుని పోదామంటాడు.

నా టెన్షనంతా గేర్‌బాక్స్ గురించే. థార్‌లో అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) లివర్‌కు న్యూట్రల్ ఉంటుంది. అందులో వేస్తే చక్రాలు తిరిగినా గేర్‌బాక్స్ తిరగదు. నా బండి నాబ్ మీద 2హెచ్ (రెండు చక్రాల డ్రైవ్), 4హెచ్ (నాలుగు చక్రాల డ్రైవ్), 4ఎల్ (నాలుగు చక్రాలకూ తక్కువ గేర్) తప్ప ఇంకేం లేవు. పైగా ఆటోమేటిక్. ఇంజిన్ ఆపితే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు కూడా ఆగుతుంది కదా, అంత దూరం ఆయిల్ అందకుండా తిరిగితే లోపల ఏం మిగులుతుంది? "న్యూట్రల్‌లో పడేయ్, ఏం కాదు" అంటాడు బావ. బండి ఆయనది కాదు మరి!

వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి వెనక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే రాడ్) విప్పేస్తే చాలని ఒక మెకానిక్ అన్నాడు. మరి ముందు షాఫ్ట్ సంగతేంటి? ఎవరైనా అలా లాగి చూశారా? ఇంజిన్ ఆఫ్‌లో నా బండి బ్రేక్ బూస్టర్ (పెడల్ నొక్కుడుకు బలం పెంచేది) కూడా పనిచేయదు, దాదాపు రెండు టన్నుల భారం మినీ బస్సు బ్రేకులు ఆపగలవా? చెడిపోని బండిని కట్టి లాగితే పోలీసులు ఆపుతారని కూడా విన్నా. లేదంటే నేనే వెనక నడుపుకుంటూ రావడం మేలా?