నాగాయలంక దగ్గర ఇల్లు కట్టుకుని ఉండిపోవచ్చా?

అడిగింది: హైదరాబాద్ బాటసారి
నాన్నగారి వాటా కింద నాగాయలంక దగ్గర అరెకరం వచ్చింది. వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. చిన్న ఇల్లు వేసుకుని, తిండి వరకూ మాది మేమే పండించుకుందామని మా ఇద్దరి ఆశ. తుఫాన్లంటే మాత్రం టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉంటున్నవాళ్లు ఏం చూసుకోమంటారు?

దివిసీమ రైతు
ముందు ఒక్క మాట చెప్పండి సార్, మీ స్థలం కరకట్టకి ఏటి వైపా, ఊరి వైపా? ఏటి వైపైతే ఇల్లు మాట మర్చిపోండి, పశువుల మేతకి ఉంచుకోండి. 2009లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మళ్లీ అంత వరద మా తరంలో రాదనుకున్నాం. 2024 సెప్టెంబరులో అంతకన్నా ఎక్కువే వచ్చింది.

ఇక ఉప్పెన. 1977 నవంబరు 19న నీళ్లు ఎంతవరకూ లేచాయో మా నాన్న పాత డాబా గోడ మీద మేకుతో గీత గీశాడు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ గీత మీద కొట్టనివ్వలేదు. నేను చెయ్యెత్తినా దానికి జానెడు కిందే. అందుకే డాబా తప్పనిసరి. మెట్లు బయటి నుంచి పెట్టించండి, ఆ రోజు పక్కింటివాళ్లూ ఎక్కాలి కదా.

తిండికి దిగులు లేదు. 30 సెంట్లలో వరేస్తే ఎనిమిది బస్తాల ధాన్యం ఎక్కడికీ పోదు, ఇద్దరికి ఏడాదంతా తిన్నా మిగులుతుంది. వరి కోతల ముందు మినుము చల్లండి. కొబ్బరి, చేపలు సరేసరి. కందిపప్పు, నూనె కొనుక్కోవాల్సిందే.

అసలు చిక్కు నీళ్లతో. వానాకాలం వచ్చి బోరు నీళ్లు రుచి చూసి మురిసిపోకండి. కాలువలకి నీళ్లు ఆపేశాక, మే నెలలో రండి. బోరు నీళ్లలో గుప్పెడు కందిపప్పు ఉడకేయండి, మెత్తబడకపోతే నీళ్లలో లవణాలు ఎక్కువున్నట్టే, ఆ సంగతి తెలియడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

కోడూరు కోడలు
పక్కన రొయ్యల చెరువు ఉందేమో కూడా చూడండి అన్నయ్యగారూ. మా చేను గట్టవతల చెరువు తవ్విన మూడేళ్లకి నిమ్మచెట్ల ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. అడిగితే ‘మీ నేలే చౌడు’ అన్నారు.

హైదరాబాద్ బాటసారి (మే నెలలో)
వెళ్లొచ్చామండి. స్థలం ఊరి వైపే, చెరువులు దూరంగానే ఉన్నాయి. కానీ బోరు నీళ్లలో పప్పు గంటసేపు ఉడికినా గింజలు గింజలుగానే ఉండిపోయింది. ఊరి మంచినీళ్ల చెరువు నీళ్లలో అరగంటకే మెత్తబడింది. డాబా మీద వాన నీళ్లు పట్టడానికి ఎంత తొట్టి కట్టించమంటారు?

దివిసీమ రైతు
మేం 10,000 లీటర్లది కట్టాం, వంటకీ తాగడానికీ మాత్రమే వాడతాం. మూత గట్టిగా వేయించండి, దోమలు.