అప్‌డేట్: మా చెల్లెలి వాంతులకు, బుగ్గల వాపుకు కారణం తెలిసింది

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండే మా చెల్లెలికి భోజనం తర్వాత తరచూ వాంతులవుతున్నాయని, చెవుల కింద బుగ్గలు ఉబ్బుతున్నాయని వేసవిలో అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. థైరాయిడ్ పరీక్ష, ఎండోస్కోపీ మామూలుగానే వచ్చాయి, గవదబిళ్లలూ కావు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమన్న సలహాయే దారి చూపింది. తెలుగులోనే మాట్లాడిన కౌన్సెలర్ సూచనపై కలిసిన సైకియాట్రిస్టు అది బులీమియా (అతిగా తిని, లావవుతామనే భయంతో వాంతి చేసుకునే మానసిక రుగ్మత) అని నిర్ధారించి, పదేపదే వాంతులైతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు కాబట్టి ముందుగా రక్తపరీక్ష, ఈసీజీ చేయించారు. బుగ్గల వాపు లాలాజల గ్రంథులదట.

ఇప్పుడు ఫ్లూక్సెటిన్ మాత్రతో పాటు సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునేలా చేసే) కౌన్సెలింగ్ నడుస్తోంది. పస్తుంటే ఆ తర్వాత ఆపుకోలేనంతగా తినడం, లావవుతామనే భయంతో వాంతి చేసుకోవడం ఒక చక్రంలా సాగుతాయి కనుక, మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి వేళ తప్పకుండా తినాలన్నారు. వాంతయితే వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించమని దంతవైద్యురాలు చెప్పారు. మందుల కన్నా కష్టమైనది, "చిక్కిపోయావేమే", "ఒళ్లు చేశావే" అనే మాటలను బంధువుల చేత మాన్పించడం. మా పెద్దత్తయ్య ఇంకా మానలేదు. వాంతులు చాలా తగ్గాయి, చికిత్స కొనసాగుతోంది. ఇదంతా చెల్లెలి అనుమతితోనే రాస్తున్నాను.